గుక్కల లెక్క

ఫ్లీట్‌వుడ్‌లో ఆఖరి ట్రామ్ వెళ్ళిపోయింది.
నేనింకా ఆఫీసు గదిలోనే ఉన్నాను,
మందుల ఫ్రిజ్‌కీ ఫోటోకాపీ మిషనుకీ నడుమ,
అర్ధరాత్రి లోపు పంపాల్సిన క్లెయిమ్ ముందు.

ఫండు నియమం సూటిగానే ఉంది:
ముందు మీరు కట్టండి,
సర్టిఫికెట్ చేతికొచ్చాక అడగండి.
నడుమ మానేసినవాళ్ళ ఫీజు మీ నెత్తినే.
క్లాసుకెళ్ళిన మనిషి షిఫ్టు ఎవరు చేశారో
ఫారమ్ అడగదు.
నేనే చేశాను, పదకొండు గురువారాలు.
పై అంతస్తులో పక్కదుప్పట్లు మార్చి
ఇంటికెళ్ళి
బూట్లు విప్పకుండానే నిద్రపోయాను.

పేరు: లోర్నా థ్వెయిట్.
వయసు: యాభై మూడు.
ఇదివరకటి అర్హతలు అన్నచోట ఒక అడ్డగీత.
అది నేను గీసింది కాదు, తనే గీసింది,
పెన్ను నొక్కిపట్టి, కాగితం చిరిగేంతగా.
పదిహేనో ఏట బడి మానేసి
రేవు పక్క షెడ్డులో చేపలు చీల్చింది.
ముల్లు ఎక్కడుందో కత్తి కంటే ముందు
ఆమె వేలికి తెలిసేది.
షెడ్డు మూతపడ్డాక మా దగ్గరికొచ్చింది.
పద్దెనిమిదేళ్ళు.

డిప్లొమాలో అన్నీ గట్టెక్కాయి, లెక్కలు తప్ప.
"నా వల్ల కాదు హెస్టర్," అంది కార్ పార్కులో,
గాలికి వీపు తిప్పి సిగరెట్టు వెలిగించుకుంటూ,
"పరీక్ష కాగితం మీద అంకెలన్నీ చీమలైపోతాయి."

ఆ రాత్రి తొమ్మిదో గది గుమ్మంలో నిలబడ్డాను.
విల్ఫ్రెడ్ ఆర్మరాడ్,
ఐస్‌లాండ్ దాకా వల వేసొచ్చిన మనిషి,
ఇప్పుడు కప్పెడు నీళ్ళకి జడుస్తాడు.
లోర్నా టీని జావలా చిక్కబరిచి
చెంచా అందించి
అతని గొంతు మీద రెండు వేళ్ళు ఆనించి
కాచుకుంది.
మింగాడు.
ఇంకా కాచుకుంది.
జేబులోంచి పెన్సిల్ ముక్క తీసింది.
పొద్దున నూట యాభై, పదింటికి ఎనభై,
సూపు తొంభై, అందులో ముప్పై చొక్కా తాగింది,
ఇప్పుడొక నలభై.
"మూడొందల ముప్పై," అంది గోడతో.
"పన్నెండొందలకి ఎంత తక్కువ?" అన్నాను.
"ఎనిమిదొందల డెబ్భై. నిన్నటికన్నా అధ్వాన్నం.
డాక్టరుకి ఫోన్ చెయ్యి."
అప్పుడు నా మొహం చూసి ఆగింది.
"ఇది లెక్క కాదు," అంది.
"ఇది విల్ఫ్."

రెండోసారికి పాసయింది, బొటాబొటిగా.
సర్టిఫికెట్ పోస్టులో వొంగి వచ్చింది.
దాని మీద లావుపాటి మందుల పుస్తకం పెట్టి
రెండ్రోజులు సాపు చేశాం.

జీతం పెరిగింది, గంటకి పద్నాలుగు పెన్నీలు.
"వారానికి ముప్పై ఆరు గంటలు," అంది
కెటిల్ దగ్గర నిలబడి, కళ్ళు మూసుకుని,
"ఏడాదికి రెండొందల అరవై రెండు పౌండ్లు.
పైన ఎనిమిది పెన్నీలు."
ఆ ఎనిమిది పెన్నీల దగ్గర ఇద్దరం
కళ్ళల్లో నీళ్ళొచ్చేదాకా నవ్వాం.

ఇవాళ సాయంత్రం ఒక కవరు ఇచ్చింది.
ఆసుపత్రిలో ఉద్యోగం, మే నెల నుంచి.
డిప్లొమా ఉన్నవాళ్ళే కావాలట.
తిట్టాలో కౌగిలించుకోవాలో తెలియక
బిస్కెట్ల డబ్బా ముందుకు జరిపాను.

ఇంతకీ ఫారమ్‌లో చివరి ప్రశ్న:
సదరు ఉద్యోగి మీవద్దే పనిచేస్తున్నారా?
గడియారం చూశాను. పన్నెండుకి పది.
అవును అని టిక్కు పెట్టాను.
ఈ నిమిషానికి అది అబద్ధం కాదు.

పైన విల్ఫ్ లేచాడు,
డెక్కు మీద కాపలా మారే వేళ అతనికి.
కొత్తపిల్ల టామ్‌సిన్ అడుగులు కంగారుగా పరిగెత్తాయి,
వెనకే ఇంకో జత, తొందరలేనివి.
తలుపు తెరిచే ఉంది. వినిపిస్తోంది.
"ఇక్కడ. రెండు వేళ్ళు. నొక్కకు.
కాచుకో.
ఇంకా.
ఆఁ... దిగింది.
ఎంతని రాస్తావ్?"

ఏ ఫండూ ఫీజు కట్టని ఆ క్లాసులో
ఒక పంతొమ్మిదేళ్ళ గొంతు
సందేహంగా
"ఇరవై?" అంది.